మావయ్య పుచ్చుకున్న కారు

మా ఇంటి ముందు కొద్దిరోజులుగా ఒక పాత నల్ల కారు నిలబడి ఉంది. జర్మనీ వాళ్ళది. ఒకప్పుడు మంత్రులూ సినిమావాళ్ళూ తిరిగిన రకం. ఎవరిదని అడిగినవాళ్ళకి తలా ఒక జవాబు చెబుతున్నాను. ఎదురింటావిడకి చుట్టాలదన్నాను. మా స్కూలు హెడ్మాస్టరు గారికి మా ఆయన స్నేహితుడిదన్నాను. నిజానికి అది ఎవరిదీ కాదు. అంత కారు ఎవరిదీ కాకుండా ఎలా పోయిందో చెప్పాలంటే, ఈమధ్యనే పోయిన మా మావయ్య గురించి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. తుళ్ళూరు పక్కన ఒక ఊళ్ళో పురోహితుడు. ఆ కారు ఆయన కొన్నాడని గానీ, ఎవరో బహుమతి ఇచ్చారని గానీ మా వాళ్ళెవరూ అనరు. పుచ్చుకున్నాడు అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు.

ఆయన కారు నడుపుతుంటే చూసి తీరాల్సిందే. పంచె కట్టు, పైన ఉత్తరీయం. చొక్కా తొడిగే అలవాటు లేదు. కారెక్కగానే ఉత్తరీయం తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఉత్తి ఒంటి మీద జంధ్యం ఎడమ భుజం నుంచి, సీటు బెల్టు కుడి భుజం నుంచి వచ్చి గుండె మీద కలుసుకునేవి. "ఇది ఉపనయనంలో మా నాన్న వేసింది, ఇది గవర్నమెంటు వేసింది. రెండూ తియ్యకూడదు" అనేవాడు. డ్రైవింగు కుర్రతనంలో ఊరివాళ్ళ ట్రాక్టరు మీద నేర్చుకున్నాడు. అంచేత అంత మెత్తటి కారునీ దుక్కి దున్నుతున్నట్టే నడిపేవాడు. పక్కన కూర్చుంటే నాకు పొట్ట చెక్కలయ్యేది, ప్రాణం గిలగిల్లాడేది, రెండూనూ.

వెనక సీట్లో ఎడమవైపు మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. అక్కడ మడతపెట్టిన తెల్లటి తుండుగుడ్డ ఒకటి ఉండేది. అది ఆయన స్నేహితుడిది. ఆ కారూ ఆ స్నేహితుడిదే.

స్నేహితుడు ఆ ఊరి రైతు. రాజధాని కోసం ఊరి పొలాలన్నీ తీసుకున్నప్పుడు ఆయన పత్తి చేలూ మిరప చేలూ కూడా పోయాయి. చేతిలో పనిలేక, చేసే వయసూ కాక, ఎవరో వాడి వదిలేసిన ఈ కారు కొనుక్కున్నాడు. నడపడం రాదు. కొడుకులకి తీరిక లేదు. మావయ్య చేతే దానికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, "ఇంక నువ్వే తోలు పంతులూ, నేను వెనక కూర్చుంటా" అన్నాడట. అప్పట్నుంచీ సాయంత్రాలు ఇద్దరు ముసలాళ్ళూ ఆ కారులో ఊరి పొలాల మీద తిరిగేవాళ్ళు. పొలాలంటే పొలాలేం లేవు. సర్కారు తుమ్మ, మధ్యమధ్య ప్లాట్ల హద్దురాళ్ళు. ఆయన వెనక అద్దం దించి, "ఆపు పంతులూ. ఇక్కడే కదూ మన పత్తి" అనేవాడట. మావయ్య ఆపేవాడు. ఆపగానే కారు వణకడం మొదలుపెట్టేది. పరిగెత్తినంతసేపూ ఏమీ ఉండదు, నిలబడితే మటుకు సీట్లూ అద్దాలూ అన్నీ వణుకుతాయి. "ముసలిదైపోయిందిరా పంతులూ, మనలాగే" అని ఆయన నవ్వేవాడట.

అలా ఆపిన ఒక చోట, ఆ సీట్లోనే, ఆయన ప్రాణం పోయింది. మావయ్యకి తెలియలేదు. ముందుకి చూస్తూనే కాసేపు మాట్లాడుతూ కూర్చున్నాడు. కారు వణుకుతుంటే వెనక మనిషీ కదులుతున్నట్టే ఉందట.

పన్నెండో రోజున కొడుకులు దానాలు ఘనంగా చేశారు. పోయినవాళ్ళు వాడుకున్నవి బ్రాహ్మడికి దానం ఇస్తే అవి వాళ్ళకి పైలోకంలో అందుతాయని కదా నమ్మకం. మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, చెంబు అన్నీ ఇచ్చారు. బంధువులంతా చూస్తుండగా పెద్దకొడుక్కి ఉత్సాహం ఎక్కువై, "నాన్నకి కారంటే ప్రాణం. కారు కూడా ఇచ్చేస్తున్నాం" అన్నాడు. తాళంచెవి దర్భల మీద పెట్టాడు. అపరకర్మలకి వచ్చిన బ్రాహ్మడు దాన్ని చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మనిషి అందులోనే పోయాడు బాబూ. నాకొద్దు" అన్నాడు. పక్కనున్న ఇంకో ఆయన లేచి నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. దానం అని పైకి అన్నాక పుచ్చుకునేవాడు లేకపోతే, అది పోయినవాడికి జరిగిన అవమానం. పందిట్లో అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుండగా, భోజనానికి వచ్చి వెనక వరసలో కూర్చున్న మావయ్య లేచి వెళ్ళి కుడిచెయ్యి చాచాడు.

తెలియనివాళ్ళకి ఇందులో తప్పేముందో అర్థం కాదు. పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ చేయించేవాళ్ళు వేరు, చావు కర్మలు చేయించేవాళ్ళు వేరు. చావుదానం పట్టిన చెయ్యి పోయినవాడి పాపంలో వాటా కూడా పడుతుందంటారు. ఆ చేత్తో పెళ్ళికూతురి నెత్తిన అక్షింతలు వేయించుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. మావయ్య ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ చేయించినవాడు. ఆ రోజు నుంచి పిలుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ మొహం మీద అనలేదు. "ఈసారి ఆడపెళ్ళివారి పురోహితుడు వస్తున్నారండి" అనేవాళ్ళు. వెనకాల మాత్రం, "జర్మనీ కారుకి ఆశపడి చెయ్యి చాచాడు" అనేవాళ్ళు. మా ఇళ్ళల్లో కూడా అదే అనుకునేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను.

అప్పట్నుంచి ఆయనకి రెండు అలవాట్లు వచ్చాయి. ఒకటి, నలుగురిలో ఉన్నప్పుడు కుడిచెయ్యి ఉత్తరీయం కింద దాచుకోవడం. తనకి వడ్డిస్తున్నప్పుడు కూడా ఆ చెయ్యి చివరి క్షణం దాకా బయటికి వచ్చేది కాదు. రెండోది, కారు నలుగురి ముందు వణక్కుండా చూడటం. నిలబడితే కదా వణికేది, అందుకని ఆగాల్సిన చోటికి ఇంకా దూరం ఉండగానే ఇంజన్ ఆపేసేవాడు. అది ఆ ఊపు మీద చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వచ్చేది. ఇంజన్ ఆగితే స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకు రాయిలా అయిపోతుంది. చెబితే వినడు. "ఏం కాదే అమ్మాయ్. మర్యాదగా వెళ్ళి మర్యాదగా ఆగుతుంది" అనేవాడు.

అంత మర్యాదగానూ ఒకసారి మిరప కల్లంలోకి వెళ్ళి ఆగింది. నేను పక్కనే ఉన్నాను. రోడ్డు వారన టార్పాలిన్ పట్టాల మీద కాయలు ఎండబోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు. మావయ్య టీ బడ్డీ దగ్గర ఆపుదామని అల్లంత దూరాన ఇంజన్ కట్టేశాడు. స్టీరింగు తిరగలేదు. కారు పెళ్ళికొడుకులా నెమ్మదిగా వెళ్ళి ఎర్రటి రాశిలో మూతి పెట్టింది. ఆడవాళ్ళు కెవ్వుమని లేచి, ఎవరికీ ఏం కాలేదని తెలిశాక తుమ్ముతూనే విరగబడి నవ్వారు. "అయ్యోరూ, కొత్త కాయలకి కారుతో పూజ చేత్తన్నారా ఏంది!" అంది ఒకావిడ. ఇంకొకామె కారుని చూసి, "ఇది ఆ సచ్చిపోయినాయన కారు కదే?" అని పక్కామెని అడిగింది. నవ్వు ఆగిపోయింది. మావయ్య దిగి, ఉత్తరీయం నడుముకి చుట్టుకుని, చెదిరిన కాయలన్నీ తనే వంగి పట్టా మీదకి చేర్చాడు. ఎడంచేత్తో చేర్చాడు. నాకు ఆ రోడ్డు మీద భూమిలోకి కుంగిపోయినట్టయింది.

మా స్కూలు గేటు దగ్గరికి కూడా అలాగే దొర్లుకుంటూ వచ్చేవాడు, ఊరినుంచి కూరలేవో తెచ్చినప్పుడు. తోటి టీచర్లు కిటికీలోంచి చూసి, "నీకోసం మీ దయ్యాల కారొచ్చింది" అనేవాళ్ళు. నేను నవ్వేసి, పుస్తకాలు సర్దుకునే నెపంతో అందరూ వెళ్ళేదాకా లోపలే ఉండేదాన్ని. మా ఆయన మాత్రం అలా కాదు. ఆయనకి మావయ్యన్నా ఇష్టమే, ఆ కారన్నా ఇష్టమే. మావయ్య వస్తే ఎదురెళ్ళి, బానెట్టు మీద చెయ్యి వేసి పలకరించేవాడు. "మీ ఆయనకి సిగ్గు తక్కువే, అదృష్టవంతుడు" అనేవాడు మావయ్య.

ఈ వేసవి ముందు మావయ్య మా ఇంటికొచ్చి, మజ్జిగ తాగుతూ అడిగాడు.

"అమ్మాయ్, గుంటూర్లో ఈ వణుకు తగ్గించేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"నీకా, కారుకా?"

"ముందు కారుకి."

ఆటోనగర్లో ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. నోరు పెద్ద మనిషి. నాలుగు బండ్ల అవతల ఉన్నవాడితో మాట్లాడినట్టే మనతోనూ మాట్లాడతాడు. బానెట్టు ఎత్తి, మావయ్యని సీట్లో కూర్చోబెట్టి, "బ్రేకు మీద కాలు గట్టిగా అదిమి గేరెయ్యండి పంతులు గారూ" అని అరిచాడు. గేరు పడగానే ఇంజన్ ఉన్నచోటనే ఒక్క ఎగురు ఎగిరి కూలబడింది.

"అదిగో! మౌంటింగులు పోయినయ్యి. ఇంజన్ ఊరికే ఇనప చట్రం మీద కూర్చోదండి. కింద రబ్బరు దిమ్మలుంటయ్. ఈ బండికైతే వాటి లోపల నూనె కూడా ఉంటది. రబ్బరు పగిలింది, నూనె కారిపోయింది. ఇంకేముంది, ఇంజన్ వణుకంతా మీకే."

"అయితే ఇంజన్ ఎప్పుడూ వణుకుతూనే ఉంటుందా?" అన్నాడు మావయ్య కిందికి దిగుతూ.

"ఏ ఇంజనైనా వణకాల్సిందేనండి. అది మనదాకా రాకుండా ఈ దిమ్మలు తాగుతయ్."

మావయ్య ఇంజన్ వంక కాసేపు చూశాడు. "నేను ఇన్నాళ్ళూ ఇంకోటనుకున్నాను" అన్నాడు. ఏమనుకున్నాడో మెకానిక్కు అడగలేదు. నాకు తెలుసు. కారు వణికినప్పుడల్లా ఆయన వెనక సీటు వైపు తిరిగి చూడటం నేను ఎన్నోసార్లు చూశాను.

దిమ్మలు మద్రాసు నుంచి రావాలన్నారు. అవి వచ్చాక మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి, జాకీతో కొంచెం పైకి లేపి, పాత దిమ్మలు ఊడదీసి కొత్తవి బిగించడం మొదలుపెట్టాడు మెకానిక్కు. మేము షెడ్డు బయట బల్ల మీద కూర్చున్నాం. మిరప టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకున్న లారీలు కోల్డు స్టోరేజీల వైపు వెళ్తున్నాయి, వెళ్ళినప్పుడల్లా ఇద్దరం తుమ్ముతున్నాం. నాకు నోరు ఊరుకోదు. అడిగేశాను.

"ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకు మావయ్యా బాగుచేయించడం?"

"ఇచ్చేది వణక్కూడదే."

"ఎవరికిస్తావు?"

"నేనివ్వను. దానం పట్టిన వస్తువు అమ్మకూడదు, పారెయ్యకూడదు. నా పన్నెండో రోజున మా వాడు, మీ బావ, ఇస్తాడు. వాడికి చెప్పాను. వాళ్ళు నాకు వణికేదాన్ని ఇచ్చారు, సరే. నేను పోయాక పుచ్చుకునేవాడు మటుకు నాలా ఇంజన్లు ఆపుకుంటూ తిరక్కూడదు." ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుని, "ఎవరో ఒకరు చెయ్యి చాపితే చాలే అమ్మాయ్. అందరి ముందూ తాళంచెవి అలా దర్భల మీద ఉండిపోతే ఎంత కష్టంగా ఉంటుందో నేను చూశాను. పోయినవాడికి అది కనిపిస్తుందనే నా నమ్మకం" అన్నాడు.

అయినా నేను ఊరుకోలేదు. "నిజం చెప్పు మావయ్యా. ఆ రోజు ఆయన మీద జాలిపడి తీసుకున్నావా, కారు మీద ఆశపడి తీసుకున్నావా?"

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఉత్తరీయం కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు.

"నాకే తెలీదే. చెయ్యి ముందు వెళ్ళింది. మనసు తర్వాత వచ్చింది. వచ్చి చూసుకుంటే అందులో జాలీ ఉంది, ఆశా ఉంది. ఏది ముందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. జాలి ఒక్కటే అయితే ఇంత సిగ్గెందుకు పడతాను చెప్పు."

లోపలి నుంచి మెకానిక్కు కేకేశాడు. "రండి పంతులు గారూ, కూర్చుని చూసుకోండి!"

మావయ్య సీట్లో కూర్చున్నాడు. మెకానిక్కు నిండా ఉన్న టీ గ్లాసు తీసి బానెట్టు మీద పెట్టాడు. టీ కదల్లేదు. "స్టార్టు చెయ్యమంటారా?" అన్నాడు మావయ్య. "అయిందండీ, ఎప్పుడో స్టార్టయింది!" అని మెకానిక్కు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మావయ్య నవ్వలేదు. మెడ తిప్పి వెనక సీటు వైపు చూశాడు. తుండుగుడ్డ మడత చెదరకుండా ఉంది.

"ఇప్పుడు ఎవరూ లేనట్టుందే" అన్నాడు.

దారిలో ఒక్కచోట కూడా ఇంజన్ ఆపలేదు. మా ఇంటి ముందు ఇంజన్ నడుస్తుండగానే నిలబెట్టి, ఎదురింటివాళ్ళు చూసేదాకా అలాగే ఉంచాడు. చిన్నపిల్లాడి ముచ్చట అది. ఆ కాసేపు కుడిచెయ్యి స్టీరింగు మీదే ఉంది.

ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు. నిద్రలోనే వెళ్ళిపోయాడు. అనాయాసంగా పోయాడని అందరూ అన్నారు.

పన్నెండో రోజు వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు పందిరి. కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పందిరి పక్కన నిలబెట్టారు. మా బావ, అంటే మావయ్య కొడుకు, తండ్రి చెప్పినట్టే చేశాడు. మంచం, గొడుగు, చెప్పులు అయ్యాక తాళంచెవి దర్భల మీద పెట్టాడు. కర్మ చేయించే ఆయన మంత్రం చెబుతుంటే, బావ నీళ్ళు వదులుతూ "న మమ" అనేశాడు. ఇక నాది కాదు అని దానర్థం. నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. వాటి కింద ఎవరి చెయ్యీ లేదు.

చేయించే ఆయన తలెత్తి, భోక్తలుగా భోజనానికి వచ్చిన బ్రాహ్మల్ని చూశాడు. ఒకాయన నవ్వు మొహంతో చేతులు జోడించాడు. "ఒకసారి చావుదానం పోయిన వస్తువండీ, మళ్ళీ రెండోసారి. మావల్ల కాదు" అన్నాడు. రెండో ఆయన పంచాంగం తెరిచాడు. బావ వరసగా మా వాళ్ళందరినీ చూస్తూ వచ్చాడు. పెదనాన్న వరసవాళ్ళు, మేనత్తల కొడుకులు, పట్నం నుంచి సొంత కార్లలో వచ్చినవాళ్ళు. అందరికీ ఆ క్షణంలోనే నేల మీద ఏదో కనిపించింది. అంత మంది జంధ్యాల వాళ్ళం, అంత నిమ్మళమైన ఇంజన్ ఉన్న కారు, ఒక్క చెయ్యి బయటికి రాలేదు. మావయ్య చూస్తుంటాడనే ఆలోచన నాకు వచ్చింది.

అప్పుడు నా పక్కన మా ఆయన కదిలాడు. పెద్దగా ఏం కాదు, ఒక్క అడుగు ముందుకి వేశాడు. కుడి మోచెయ్యి పైకి లేచింది.

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. చావుదానం పట్టినవాడి కూతురు అంటారేమో అని నేను అనుకున్నానని చెప్పగలిగితే బాగుండేది. అది తర్వాత వచ్చిన ఆలోచన. ముందు వెళ్ళింది నా చెయ్యి. వెళ్ళి ఆయన ఉత్తరీయం చెంగు పట్టుకుని వెనక్కి గుంజింది.

ఆయన ఆగిపోయాడు. నా వైపు తిరిగి చూడలేదు. ఇప్పటికీ సరిగా చూడటం లేదు.

"అసలుకి బదులు ప్రత్యామ్నాయం ఉందిగా" అన్నాడు చేయించే ఆయన, అందరి ఇబ్బందీ తీర్చేస్తూ. గోవు లేనివాళ్ళు గోదానానికి బదులు కొబ్బరికాయ ఇస్తారు, అలాగ. తమలపాకులో ఒక కొబ్బరికాయ పెట్టి, "ఇదే కారు అనుకోండి" అన్నాడు. ఇందాక చేతులు జోడించిన ఆయనే దాన్ని గబుక్కున అందుకున్నాడు.

కారు బావది కాదు, ఆయన "న మమ" అనేశాడు. పుచ్చుకున్నవాడు లేడు గనక ఇంకెవరిదీ కాదు. బావ ఉండేది ఒంగోల్లో అద్దె ఇల్లు, నిలబెట్టుకోడానికి చోటు లేదు. అందుకని ప్రస్తుతానికి మా ఇంటి ముందుంది. బ్యాటరీ పడిపోకుండా మా ఆయన రోజూ పొద్దున్నే వెళ్ళి కాసేపు స్టార్టు చేస్తాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తుంటాను. స్టార్టయిందో లేదో కూడా తెలియదు, అంత నిమ్మళంగా ఉంటుంది. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని ఎదరకి చూస్తుంటాడు. నేను కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకుని నిలబడతాను.